డోలీ కింద రెండు రాష్ట్రాలు

అంబులెన్సు కళ్లెదుటే ఉంది. డ్రైవరు తలుపు తియ్యలేదు.

నొప్పులు పడుతున్న బుద్రిని డోలీలో మోసుకుని నాలుగు కిలోమీటర్లు కొండ దిగి, ఆంధ్రా తారు రోడ్డు ఆగిపోయిన గెడ్డ వాగు ఒడ్డుకి వచ్చారు గుమ్మిపుట్టు జనం. గర్భిణి పేరు ఒడిశా లిస్టులో ఉందట, ఎక్కించుకుంటే తన ఉద్యోగం ఊడుతుందట. తల్లి పైడమ్మ అతని కాళ్లు పట్టుకుంది. కూతురి ఆంధ్రా కార్డు చూపించింది. ఆ మహానుభావుడు కార్డు కేసి కన్నెత్తి చూడలేదు. డోలీని వెనక్కి తిప్పారు. మళ్లీ అదే కొండ ఎక్కి, ఊరు దాటి, అవతల మూడు కిలోమీటర్ల దూరాన ఒడిశా రోడ్డు అందుకోవాలి. సగం ఎక్కుడులో బుద్రి ప్రాణం పోయింది, కడుపులో బిడ్డతో సహా. రెండు రాష్ట్రాల ఆఫీసుల వాళ్లూ దీన్ని చావని రాసుకున్నారు. హత్య అనడానికి వాళ్లకి నోరెలా వస్తుంది?

ఊరి తప్పూ ఉంది, దాచడమెందుకు. గుమ్మిపుట్టు మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి తగువులాడుతున్నాయి. ఊరివాళ్లు ఇంటికి రెండేసి రేషను కార్డులు, మనిషికి రెండేసి ఓట్లు పెట్టుకుని, తమంత తెలివైనవాళ్లు లేరని మురిసిపోయారు. సంతకి పోతున్నా, చేలో కలుపు తీస్తున్నా ఒకటే వాదన, ఎటువైపు బతుకు మేలని. దిగువ వీధి పైడమ్మ ఆంధ్రా పక్షం. పింఛను ఇంటికి తెచ్చి చేతిలో పెడతారనేది. ఎగువ వీధిలో ఆమె మరిది సోంబరు ఒడిశా పక్షం. ఇల్లు కట్టించారనేవాడు, బియ్యంలో రాళ్లుండవనేవాడు. రెండు వీధులూ కర్రలు పట్టుకున్న రోజులున్నాయి. పౌష్టికాహారం ప్యాకెట్ల కోసం బుద్రి పేరు అవతల రాయించింది సోంబరే.

దినం నాడు పైడమ్మ అతన్ని అందరి ముందూ నిలదీసింది. నా కూతుర్ని పొట్టన పెట్టుకున్నావంది.

"నానే రాయించినాను వదినా. నువ్వు అటు కార్డు తెచ్చినావు, నాను ఇటు కార్డు తెచ్చినాను. రోడ్డు ఎవుడు తెచ్చినాడు?"

పైడమ్మ ఇంటికేసి చూసింది. ఇంట్లో కోడలు ప్రసన్నకి ఏడో నెల. రెండు నెలల్లో రోడ్డు పడకపోతే దానికీ ఇదే డోలీ, ఇదే దారి. ఆ పూట రెండు వీధులూ ఒకే చాప మీద కూర్చున్నాయి. తిట్టుకున్నారు, ఏడ్చారు, చివరికి, రోడ్డు పడేదాకా ఎవరి పక్షమూ పట్టకూడదని ఒక మాట మీదికి వచ్చారు.

నెల తిరక్కుండా, ఊరు ఎటువైపు ఉండాలో తేల్చుకోమని రెండు వైపుల అధికారులూ ఒకే రోజు ఊడిపడ్డారు. బ్యానర్లు, నీళ్ల సీసాలు బంట్రోతులు మోశారు. ఆంధ్రా అధికారి సర్వేశ్వరరావు తమ పథకాలన్నీ ఏకరువు పెట్టాడు. ఒడిశా నుంచి వచ్చిన మహంతి బాబు, వచ్చీరాని తెలుగులో, తమ ఇళ్లూ ఆరోగ్య కార్డులూ చూడమన్నాడు. ఎవరి దగ్గర సుఖంగా ఉన్నారో చెప్పి వేలిముద్ర వెయ్యమన్నారు. చచ్చిన పిల్ల పేరు ఒక్కరూ ఎత్తలేదు.

పైడమ్మ డోలీ తెచ్చి నడిమధ్య పెట్టింది. అందులో ప్రసన్న బరువుకి సరిపడా బియ్యం ఉంది, సగం ఆంధ్రా రేషను, సగం ఒడిశా రేషను.

"ఎవులు మంచోలో మోసి సూద్దురు రండి బాబూ. మా ఊర్లో డోలీ ఎనకాల ఉత్త భుజంతో నడిసే ఆచారం నేదు."

సర్వేశ్వరరావు నవ్వబోయాడు. చుట్టూ రెండు వందల మంది నిలబడి ఉన్నారు, ఒక్కరూ నవ్వడం లేదు. ముందు అతను, వెనక మహంతి, బుద్రి తిరిగిన దారంతా మోశారు. గెడ్డ దాకా దిగి, మళ్లీ ఎక్కారు. ఎవరూ వాళ్లని కొట్టలేదు, తిట్టలేదు. సగం ఎక్కుడులో సర్వేశ్వరరావు కూలబడి, ఇంకెంత దూరమని అడిగాడు. మా గుంట బుద్రి ఇక్కడే పోయిందని సోంబరు చెప్పాడు. ఆ చోట ఇద్దరు అధికారులూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

మర్నాడు పొద్దున్నే రెండు రాష్ట్రాల పోలీసులూ కొండెక్కారు, అధికారుల్ని నిర్బంధించారని కేసు. ఊరు మాది కాబట్టి కేసు మాదేనని ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ గొంతులు చించుకున్నారు. పైడమ్మకి ఒళ్లు మండిపోయింది. నా కూతురు సచ్చేటప్పుడు ఏమైపోయినారని అడిగింది. చివరికి పంచుకున్నారు, పైడమ్మని ఆంధ్రా వైపు, సోంబరుని ఒడిశా వైపు. జీపులు ఊరిదాకా రావు కాబట్టి నడిపించుకుపోవాల్సిందే.

ఊరు దాటారో లేదో వెనక గునపాల చప్పుడు మొదలైంది. ఎగువ, దిగువ అన్న తేడా లేకుండా జనం రెండు జట్లు కట్టి, రెండు వైపులా పోలీసుల వెంటే బండలు పెకలిస్తూ, తుప్పలు నరుకుతూ బాట వెడల్పు చేసుకుంటూ వస్తున్నారు. ప్రసన్న కుండతో నీళ్లు అందిస్తోంది. ఆంధ్రా ఇన్‌స్పెక్టరు వెనక్కి తిరిగి, అడవిలో గునపం వేస్తే అందరినీ లోపల పడేస్తానని అరిచాడు. ఒక్క గునపం కూడా ఆగలేదు. అతను పైడమ్మ చెయ్యి పట్టి బేగి నడవమని గుంజాడు.

పైడమ్మ చెయ్యి విదిలించుకుంది.

"మెల్లగా నడు బాబూ. ఎనకాల రోడ్డు వత్తంది."