పిలవని పిట్ట

ఉల్లిపాయలు చక్రాల్లా తరగాలి, నిలువుగా కాదు. నిలువుగా తరిగితే సాసేజి మీంచి జారిపోతాయని కీత్ పెళ్ళైన కొత్తలో చెప్పాడు. ఆ రోజు మొదలు గ్లెనిస్ గన్ క్లబ్బు వంటింట్లో ప్రతి ఆదివారం చక్రాలే తరుగుతోంది. అలా తరిగిన చక్రాలన్నీ బండ్లకు బిగించి ఉంటే ఆ జిల్లా గోధుమంతా రైలు మొహం చూడకుండానే రేవుకు చేరిపోయేది. ఆవిడ కార్చిన ఉల్లి కన్నీళ్ళు ఒక్క తొట్టిలో పట్టి ఉంటే కరువు ఏడాది గొర్రెలన్నీ బతికి బట్టకట్టేవి. కిటికీలోంచి చూస్తే తుపాకులు పట్టి వరసగా నిలబడ్డ మగవాళ్ళ వీపులు కనిపించేవి. ఆ ఊళ్ళో ఎవరి ముఖం ఎలాంటిదో గ్లెనిస్ ఒక్కోసారి మరిచిపోయేది గాని, ఏ వీపు ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలదు.

ఒక ఆదివారం మెర్ల్ వచ్చి ఆవిడ చేతిలో కత్తి లాక్కుంది. మెర్ల్ అంటే పైపొలం విధవరాలు. మొగుడు పోయాక అతని తుపాకి అమ్మకుండా తనే భుజాన వేసుకుంది. పొద్దుటిపూట వంటింటి ఆడవాళ్ళని పోగేసి నేర్పిస్తానని, వస్తే రండి లేకపోతే మానండి అని ఊరంతా చెప్పింది. ముగ్గురు వచ్చారు. ఇంకొకరు కావాలి.

"తరిగింది చాలు. బయటికి రా పిల్లా," అంది.

"నాకు చేతకాదు మెర్ల్."

"చేతనైతే నేను నేర్పేదేముంది?"

ఆట పెద్ద బ్రహ్మవిద్య కాదు. వరసకు ఎదురుగా గుంతలో యంత్రం ఉంటుంది. మనిషి నిలబడి తుపాకి భుజానికి ఆనించి "పుల్" అని పిలవాలి. కాళ్ళ దగ్గరున్న మైకు ఆ పిలుపు వినగానే నారింజ రంగు మట్టి మూకుడు ఒకటి గాల్లోకి లేస్తుంది. దాన్నే పిట్ట అంటారు. అది కోతకోసిన చేలో పడేలోగా పగలగొట్టాలి. అంతే. గ్లెనిస్‌కు తుపాకి బరువు ఇబ్బంది కాలేదు, పేలినప్పుడు భుజం మీద అది తన్నే తన్ను ఇబ్బంది కాలేదు. గోధుమ బస్తాలు మోసిన భుజం అది. చిక్కు ఇంకోచోట వచ్చింది.

"పుల్," అంది.

పిట్ట లేవలేదు. మళ్ళీ అంది. లేవలేదు. వెనక బెంచీ మీద కూర్చున్న కీత్, క్లబ్బుకు అధ్యక్షుడు కదా, అందరికీ వినపడేలా అన్నాడు: "మైకు మా ఇంట్లో పెరిగినట్టుంది. ఆవిడ మాట వినదు."

అందరూ నవ్వారు. గ్లెనిస్ కూడా నవ్వింది. మెర్ల్ మాత్రం నవ్వలేదు.

"నువ్వు దాన్ని పిలవడం లేదు, దండం పెట్టి అడుగుతున్నావు. లేవనా వద్దా అని అది ఆలోచిస్తోంది."

ఆ వారమంతా గ్లెనిస్‌కు కాలు ఒకచోట నిలవలేదు. గిన్నెలు తోముతూ మధ్యలో వదిలేసి పెరట్లోకి పోయేది. బట్టల తీగ మీదుగా గులాబి రొమ్ముల గాలా చిలకల గుంపు వెళ్తుంటే చీపురుకర్ర భుజానికెత్తి వాటి వెంట తిప్పేది. ఈ గొంతు ఎప్పుడు ఇంత చిన్నదైపోయింది? చిన్నప్పుడు మూడు పొలాల అవతలి అన్నల్ని అన్నానికి పిలిచింది ఈ గొంతే కదా. కాపరానికి వచ్చిన మొదటి వేసవిలో అత్తగారు తలుపు దగ్గర నిలబడి, "నెమ్మది, కీత్ కోత నుంచి వచ్చి పడుకున్నాడు," అన్నారు. తనూ ఆ కోత నుంచే వచ్చింది, ధాన్యం లారీ నడిపి. ఆ మాట అప్పుడు నోటిదాకా వచ్చి ఆగింది. తరవాత పిల్లలు పడుకునేవారు. తరవాత రేడియోలో వాతావరణం చెప్పేవారు. తరవాత బ్యాంకు మేనేజరు, "మీరేం చేస్తుంటారమ్మా?" అని తన్నడిగితే, కీత్ పక్కనుంచి, "మా ఆవిడ ఇంటిపట్టునే ఉంటుంది," అన్నాడు. తన చెవుల్లో గోధుమ దుమ్ము ఇంకా పోలేదు ఆ రోజు. అలా కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వస్తే చివరికి ఇంట్లో పిల్లికి కూడా ఆవిడ మాట వినాలంటే చెవి ఒగ్గాల్సి వచ్చేది.

బుధవారం గొర్రెల దొడ్లో నిలబడి అరిచి చూసింది. మొదటిసారి దగ్గు వచ్చింది. రెండోసారి కుక్క లేచి నిలబడింది. మూడోసారికి గొర్రెలన్నీ అవతలి కంచెకు అంటుకుపోయాయి, పక్క పొలం ఆయన ఫోను చేసి, "మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగాడు.

ఆ తరవాత మైకు విన్నది. పిట్టలు లేచాయి, కొన్ని పగిలాయి. మొదటిది పొడిపొడిగా రాలినప్పుడు గ్లెనిస్‌కు ఏదో దొంగతనం చేసినట్టు ఒళ్ళు ఝల్లుమంది. తను ఒక్క మాట అంటే ఒకటి లేచి రావడం ఆవిడకు కొత్త.

వార్షిక పోటీకి ముందటి ఆదివారం ఇంకోటి జరిగింది. గ్లెనిస్ తుపాకి ఎత్తి ఇంకా నోరు తెరవలేదు. వెనక కీత్ ఎవరిదో జోకుకు ఫెళ్ళున నవ్వాడు. అతని నవ్వుకు గోడ మీది గడియారాలు నిమిషం ముందుకు జరుగుతాయి. మైకు దాన్నే పిలుపనుకుంది. పిట్ట లేచింది. గ్లెనిస్ కంగారుపడి కాల్చింది, గురి పోయింది.

"తప్పింది," అన్నాడు కాలిన్. రైల్వేలో పని చేసి దిగిపోయిన ముసలాయన, రిఫరీ.

"నేను పిలవలేదు కదా."

"పిలవలేదని నాకూ తెలుసమ్మా. కాల్చకుండా వదిలేస్తే అది లెక్కే కాదు, ఇంకోటి ఇచ్చేవాణ్ణి. నువ్వు కాల్చావు. కాల్చాక తప్పు నీదే అవుతుంది."

ఆ మాట గ్లెనిస్ బుర్రలో ఈగలా తిరుగుతూనే ఉంది. పక్క మీద అటు దొర్లింది, ఇటు దొర్లింది. అత్తగారి తుంటి విరిగిన ఏడాది కీత్ ఫోనులో వాళ్ళ అక్కతో, "గ్లెనిస్ చూసుకుంటుందిలే," అన్నాడు. తనతో అనలేదు, అక్కతో అన్నాడు. పిట్ట లేచింది. తను తుపాకి ఎత్తింది. ఆ ఏడాదిలో ఒకనాడు సూపులో ఉప్పెక్కువైంది. ఆ ఉప్పు సంగతి మాత్రం ఇప్పటికీ పండగ భోజనాల్లో చెప్పుకుని నవ్వుతారు. క్లబ్బు భోజనాలు తన పని అని ఎవరు పిలిచారు, ఎప్పుడు పిలిచారు? గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. లేచినవన్నీ కాల్చుకుంటూ పోయింది, తప్పినవన్నీ తన పేర రాయించుకుంది. పక్కన కీత్ హాయిగా గురక పెడుతున్నాడు.

పోటీ ముందు సాయంత్రం అతను బూట్లు విప్పుకుంటూ అన్నాడు. "నువ్వూ వరసలో నిలబడితే భోజనాలు ఎవరు చూస్తారు?"

"అన్నీ చేసి పెట్టాను. సాసేజి రోల్స్ పళ్ళేల్లో ఉన్నాయి, రొట్టెకు వెన్న రాశాను. పెట్టుకు తినడమే."

"సరే, రేపొక్కరోజు సరదా తీర్చుకో. కాని ఏదైనా అవసరమై పిలిస్తే వచ్చెయ్యాలి. పై ఆదివారం నుంచి మళ్ళీ మామూలే, ఏం?"

గ్లెనిస్ చీపురు తెచ్చింది. ఆ బూట్ల నుంచి రాలిన మట్టి ఊడ్చి బయట పోసింది.

మర్నాడు ఎండ పొద్దున్నే నిప్పులు పోసింది. అయిదుగురు ఆడవాళ్ళూ వరసలో నిలబడ్డారు. మెర్ల్ తన పిట్టను కొట్టింది. తరవాత గ్లెనిస్ వంతు. తూటా పెట్టి తుపాకి మూసి భుజానికి ఆనించింది. చెంప కింద కర్ర వెచ్చగా ఉంది. గుంత అంచు మీద చూపు నిలిపింది.

"గ్లెనిస్, టొమాటో సాస్ ఎక్కడ పెట్టి చచ్చావ్?"

వంటింటి గుమ్మం సరిగ్గా వరస వెనకే. కీత్ గొంతు తల మీదుగా వచ్చి మైకులో పడింది. పిట్ట లేచింది.

గ్లెనిస్ భుజం ముందుకు కదిలింది, అలవాటు కొద్దీ. మడమ వెనక్కి తిరగబోయింది, అదీ అలవాటు కొద్దీ. సాస్ బీరువా కింది అరలో, టీ పొడి డబ్బా వెనక ఉంది. నాలుగు మాటలు చెబితే సరిపోతుంది. పోయి చేతికిస్తే ఇంకా మంచిది. మడమ మళ్ళీ నేల మీద ఆనింది. వేలు ట్రిగ్గరు పక్కనే ఉండిపోయింది. నారింజ రంగు మూకుడు తన దారిన తను ఎగిరి, వాలి, చేలో పడి పగలకుండా కూర్చుంది. గ్లెనిస్ దాన్ని చివరిదాకా చూసింది.

"లెక్కలేదు," అన్నాడు కాలిన్ తాపీగా. "ఆవిడ పిలవలేదు. ఇంకోటి."

"కాలిన్, నేను అడుగుతోంది సాసయ్యా," అన్నాడు గుమ్మంలోంచి కీత్. "ఇక్కడ జనం పళ్ళేలు పట్టుకు నిలబడ్డారు. గ్లెనీ, నీకే చెప్పేది. రేపట్నుంచి ఈ వేషాలు..."

"వరసలో మనిషి ఉండగా మాట్లాడకూడదు అధ్యక్షుల వారూ," అంది మెర్ల్, వెనక్కి చూడకుండా.

గ్లెనిస్ కూడా వెనక్కి చూడలేదు. తుపాకి దించి, ఊపిరి పీల్చి, మళ్ళీ చెంపకు ఆనించింది. పళ్ళేలు, సాస్, పై ఆదివారం అన్నీ ఆ గుమ్మంలోనే ఉన్నాయని తెలుసు. అవి అక్కడే ఉండనీ అనుకుంది. వెనక గడప చెక్క కిర్రుమంది. అరవబోయే ముందు కీత్ ఎప్పుడూ ఒక కాలు గడప మీద పెట్టి రొమ్ము నిండా గాలి తీసుకుంటాడు. ఆ గాలి తీసుకోవడం ఆవిడకు వినపడింది.

ఈసారి ముందు పిలిచింది గ్లెనిస్.