పొడిగుడ్డలో మందు సీసా

ధర తక్కువైన మందు పని కూడా తక్కువే చేస్తుందని చాలామంది నమ్ముతారు. గద్వాల దగ్గర పత్తి విత్తనం పండించే మాసయ్యకు ఆ నమ్మకం మరీ గట్టిది. ముప్పై ఏళ్లుగా పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్ది విత్తనం తీసినవాడు. చవక విత్తనాల ప్యాకెట్టు కొని మునిగిన ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలడు.

అతని భార్య జములమ్మకు రొమ్ము క్యాన్సర్. కీమోతోపాటు మూడు వారాలకొకటి చొప్పున పదిహేడు ఇంజెక్షన్లు ఇవ్వాలని వనపర్తిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు చెప్పారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు అర్చన ఆఫీసు ద్వారా తల్లిదండ్రులకు ఏడాదికి ఐదు లక్షల బీమా ఉంది. మొదట కనిపెట్టిన కంపెనీ మందు డోసు అరవై వేలు. పేటెంటు ముగిశాక మరో కంపెనీ జీవకణాలతోనే తయారుచేసిన, దానికి సరిపోలే మందు ఇరవై నాలుగు వేలు. దాన్ని బయోసిమిలర్ అంటారు. బీమావాళ్లు దానికే అనుమతి పంపారు.

"చూసినవా, వాళ్ల పైసలు మిగలాలె, నీ పానం పోవాలె" అన్నాడు మాసయ్య.

"నా పానం సంగతి నాకిడిసిపెట్టు. రేపు సూది తప్పితే డాక్టరమ్మ నిన్నే తిడ్తది" అంది జములమ్మ.

మొదటి డోసుకు ముందురోజు ఆసుపత్రి మందుల కౌంటర్‌లో సీసాను మంచుగడ్డల పెట్టెలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి తెల్లారి తెమ్మన్నారు. మాసయ్య బయటికి వచ్చి పెట్టె తెరిచాడు. సీసాలో తెల్లని పొడి. చుట్టూ కరుగుతున్న మంచు. తడి తగిలిన విత్తనం దేనికీ పనికిరాదని అతనికి తెలుసు. చవక సరుకు చెడిపోతే నెపం మన మీదికి నెట్టడానికే ఈ మంచు అనుకున్నాడు. మంచు పారబోశాడు. సీసాను తుడిచి పొడిగుడ్డలో చుట్టి, విత్తనపు లాటులోంచి నమూనా దాచుకున్నట్టే దారం కట్టి, చీటీ అంటించి సంతకం పెట్టాడు. ఎండలో బస్సెక్కి గద్వాలలోని విత్తన పరీక్షా కేంద్రానికి పోయి, అక్కడ పనిచేసే తన మేనల్లుడు శివకుమార్ వచ్చేదాకా రేకుల వరండాలో కూర్చున్నాడు.

"మామా, దీన్ని తడిగుడ్డల చుట్టి మొలక చూడాల్నా? ఇది పత్తి గింజ కాదే!"

"నవ్వకు. పనిచేసేదా, ఉత్తదా, గంత చెప్పు."

"నాతోని గాదు. రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒకరికి పెద్ద కంపెనీది, ఒకరికి ఇది ఇచ్చి చూస్తరు. ఫలితం సరిపోతెనే అనుమతి. మరి ఐసు ఏమాయె?"

"తడి తగుల్తదని పారబోసిన."

శివకుమార్ నవ్వు ఆగిపోయింది. "చల్లగ లేకుంటే ఇది ఖరాబైతది మామా. కంపెనీ గాదు, నువ్వే చేసినవు."

మర్నాడు చల్లదనం తప్పిందని తెలిసి ఆసుపత్రివాళ్లు ఆ సీసాను ముట్టలేదు. అదే డోసుకు రెండోసారి చెల్లించబోమని బీమావాళ్లు చెప్పారు. లోపల జములమ్మ చెయ్యి చాపి కూర్చునే ఉంది. మాసయ్య విత్తన కంపెనీ ఏజెంటు ఇచ్చిన అడ్వాన్సు పైసలు తీసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు ఏ మందు కొనాలో అతని ఇష్టం.

"పెద్ద కంపెనీది ఎంతకిస్తవ్?"

"ఇయ్యాల అరవై వేలు కాకా" అంది కౌంటర్‌లోని గీత. "మూడేండ్ల కింద లక్షా పది వేలు ఉండె."

"మందేమన్న మార్చిండ్రా?"

"అదే మందు, అదే డబ్బా. చవకవి నాలుగొచ్చినంక వాళ్లే రేటు దింపిండ్రు."

తన ఊళ్లో రెండో విత్తన కంపెనీ ఏజెంటు అడుగుపెట్టిన వారంలోనే పాత ఏజెంటు కొనుగోలు రేటు పెంచిన సంగతి అతనికి గుర్తొచ్చింది. గింజ మాత్రం మారలేదు. మాసయ్య అనుమానం చవక సీసాను వదిలి ఖరీదైన డబ్బా మీదికి మళ్లింది.

"గింతకు అమ్మగల్గినోడు నిన్నమొన్నటిదాంక ఎందుకు అమ్మలే?"

"నాకేం తెల్వదు కాకా. ఏదియ్యాలె, జల్ది చెప్పు. అమ్మ కూసున్నది."

"చవకది. మంచుతోని ఇయ్యి."

నాలుగు డోసుల తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ నలభై ఒక్క మిల్లీమీటర్ల నుంచి పన్నెండుకు తగ్గింది. ఈ మందుతో దెబ్బతినే అవకాశమున్న గుండె పనితీరులో మార్పు లేదు. ఆ ఏడాది చికిత్స ఖర్చు బీమా పరిమితి దాటలేదు. అయినా మరుసటి ఏడాది ఆ బీమాకు అర్చన జీతంలోంచి కోసుకునే ప్రీమియం పెరిగింది.