టీ అయ్యేదాకా నిలిచే పెట్టె

మొదలుపెట్టిన రోజున అతని చేతిలో చెప్పుకోదగ్గ సరుకేమీ లేదు. మూతపడ్డ గాజుసామాన్ల కొట్టు తాళంచెవి ఒకటి ఉంది, ఆ తాళం వేయడానికి ఇప్పుడు తలుపే లేదు. అమ్ముడుపోని పూలకూజాలు కొన్ని ఉన్నాయి, వాటిని భార్య కాలితో మంచం కిందికి తోసింది. బరువులు ఎత్తి ఎత్తి, వాన రాబోతుంటే సలిపే కుడి భుజం ఉంది. గాజు ఎక్కడ తగిలితే పగులుతుందో చూడగానే చెప్పగల అనుభవం ఉంది గానీ, దానికి బేరం తగల్లేదు. ఇవి కాక ఒక వదిన.

వదిన అంటే పోయిన అన్న భార్య. అన్న బతికున్నప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక రేకుల షెడ్డులో అట్టపెట్టెలు చేసేవాళ్ళు. ఆయన పోయాక ఆవిడ ఒక్కతే ఇన్నాళ్ళూ లాక్కొచ్చింది. ఇప్పుడు వేళ్ళ కణుపులు వాచిపోయి, అట్ట మీద మడత గీతలు వేసే మిషను చక్రం తిప్పలేకపోతోంది. ఆ సంగతి ఎలా పసిగట్టాడో గానీ, పాత ఇనుము కొనేవాడు అప్పుడప్పుడూ వచ్చి, సంతలో గేదెను చూసినట్టు మిషన్ల చుట్టూ తిరిగి, పళ్ళచక్రాల పళ్ళు తడిమి వెళ్తున్నాడు.

"పని నేర్పుతాను," అంది వదిన, అతను గుమ్మంలో నిలబడగానే. "తేనె అమ్మే ఆవిడ ఆర్డరు ఉంది, సీసాలకు పెట్టెలు. అది నీ చేత్తో చేసి నిలబెట్టావా, షెడ్డు నువ్వే నడుపుకో, నా వాటా నాకివ్వు. పెట్టెలు వెనక్కొచ్చాయా, ఇదంతా ఆ ఇనుపాయనకి తూకానికి ఇచ్చేస్తాను. నాకిక ఓపిక లేదు, షావుకారూ."

"షావుకారనకండి వదినా. కొట్టే లేదు."

"కొట్టు పోయినా ఆ నడక పోలేదుగా."

ఇంకో పని దొరికే వయసు కాదని అతనికి తెలుసు. ఈ షెడ్డు కూడా పోతే రేపు పొద్దున లేచి ఏ వైపు నడవాలో తెలియదు. సరేనన్నాడు.

అట్టపెట్టెలో ఏముంది, కోయడం మడవడమేగా అనుకున్నాడు. సీసాలు బల్ల మీద వరసగా పేర్చి, చుట్టూ టేపు పట్టి, అచ్చం ఆ కొలతకే మొదటి పెట్టె చేశాడు. చూడ్డానికి ముచ్చటగానే వచ్చింది. సీసాలు మాత్రం చివరి వరస దిగనంటే దిగనన్నాయి.

"బయటి కొలత కొలిచావు," అంది వదిన. "నీ సీసాలు పెట్టె బయట కూర్చుంటాయా? అట్టకు మందం ఉంటుంది. మడిచిన చోటల్లా అది కాస్త తింటుంది. ఆ తినేదానికి కూడా పెట్టాలి."

ఈ మాట అతని బుర్రకు వెంటనే ఎక్కింది. దారిలో పగిలేదాన్ని ముందే తరుగు తీసి ధర కట్టడం అతనికి తెలియని విద్య కాదు. కానీ బుర్రకు ఎక్కడం వేరు, చేతికి రావడం వేరు. నాలుగు గోడల్లో చివరిది వెంట్రుకవాసి తక్కువ కోయాలి, లేకపోతే మూల నోరు తెరుస్తుంది. మడత గీత నలగాలి గాని తెగకూడదు. చక్రం గట్టిగా బిగిస్తే తెగుతుంది, వదులుగా పెడితే మడత తనకు నచ్చిన చోట పడుతుంది. రోజంతా నిలబడి కోసిందంతా సాయంత్రానికి చెత్తబుట్టలోకి పోయేది. వేళ్ళకు అట్ట అంచులు కోసుకునేవి. రక్తం రాదు, మంట మాత్రం పోదు. ఇంటికెళ్ళి తుమ్మితే ముక్కులోంచి గోధుమరంగు పొడి వచ్చేది.

"గాజు అమ్మినన్నాళ్ళూ ఇంట్లోకి గాజుముక్కలు తెచ్చారు," అంది భార్య అతని చొక్కా దులుపుతూ. "అప్పుడు కాళ్ళు కోసుకునేవి. ఇప్పుడు పరుపులో అట్ట. కొంచెం మెరుగేలెండి."

షెడ్డులో కూర్చోవడానికి కుర్చీ గానీ స్టూలు గానీ లేవు. అది అన్న పెట్టిన పద్ధతి. ప్రతి లాటులోంచి ఒక ఖాళీ పెట్టె తీసి, పిన్నులు కొట్టి, మూత అంటించి, దాని మీద కూర్చుని టీ తాగేవాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పెట్టె కుంగకపోతే సరుకు బండి ఎక్కినట్టు. కుర్చీ ఉంటే మనుషులు కుర్చీలో కూర్చుంటారు, పెట్టె మీద ఎందుకు కూర్చుంటారని ఆయన వాదన. ఆవిడా అదే పట్టుకుంది. పాత లాటు పెట్టె ఒకటి తనకోసం ఉంచుకుంది. నేర్చుకునేవాడికి మాత్రం తన లాటు నెగ్గేదాకా నిలబడే టీ.

"నా పెట్టె మీద నన్నే కూర్చోనివ్వరా?" అన్నాడు ఒకసారి, మోకాళ్ళు పట్టేసి.

"ఆర్డరు లాటు కానీ. ఈ నేర్చుకునే పెట్టెల మీద కూర్చుని నడుం విరగ్గొట్టుకుంటే మీ ఆవిడకి నేనేం చెప్పుకోను?"

ఆర్డరుకు షీట్లు వచ్చాయి. పైన ఒక కాగితం, కింద ఒక కాగితం, మధ్యలో ముడతలు ముడతలుగా మడిచిన కాగితం. అదే పెట్టె అట్ట. షీటుకు రెండు పెట్టెలు కోయమని గీసి చూపించి, వదిన చేతులు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది.

అతను మొదటి షీటు బల్ల మీద పరిచాడు. రెండు పెట్టెలు కోయగా పక్కన ఇంత వెడల్పున ముక్క మిగిలిపోతోంది. దాన్ని పారేయడానికి చెయ్యి రాలేదు. బతుకంతా గడ్డి కూడా పారేయకుండా, గాజు కింద పరిచిన గడ్డినే మళ్ళీ మళ్ళీ పరుచుకున్నవాడు. గీసిన నమూనాను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అడ్డంగా తిప్పి పెడితే షీటుకు మూడు పట్టాయి. మిగిలేది చేతివెడల్పు పట్టీ ఒకటే.

అన్నకు గానీ వదినకు గానీ ఇన్నేళ్ళలో ఇది తట్టలేదా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. వాళ్ళు పనివాళ్ళు, నేను వ్యాపారిని అని సర్దిచెప్పుకున్నాడు. షీట్లన్నీ కోసేశాడు. కొట్టు పోయాక ఇంత హుషారుగా చెయ్యి ఆడింది ఆ ఒక్కరోజే. సాయంత్రానికి ఆర్డరు మీద సగానికి సగం ఎక్కువ పెట్టెలు మడతపడి పేర్చి ఉన్నాయి. భుజం సలుపుతున్నా పట్టించుకోలేదు.

పొద్దున వదిన వచ్చింది. చేతులకు గుడ్డ చుట్టి ఉంది. దొంతర చూసి కళ్ళు చిట్లించింది. ఒక పెట్టె నిలబెట్టించి, చేతికి టీ తీసుకుని దాని మీద కూర్చుంది.

"లాటు పెద్దదిగా ఉందే."

"షీటుకు మూడు తీశాను వదినా."

ఆవిడ గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. "మూడు ఎలా వచ్చాయి?" అనేలోగా పెట్టె నిట్టూర్చింది. నిజంగానే నిట్టూర్పులాంటి చప్పుడు. పక్కగోడ పొట్టలా ఉబ్బింది, తర్వాత ఒక మూల మోకాలు వంగినట్టు వంగింది. ఆవిడ మెల్లగా కిందికి దిగిపోయింది, టీ ఒలకకుండా పైకెత్తి పట్టుకుని.

అతను గబగబా దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి అందించి లేపాడు.

తిడుతుందని చూశాడు. తిట్టడానికి కూడా ఆవిడకు ఓపిక లేనట్టుంది. నేల మీంచి రెండు అట్టముక్కలు ఏరింది. ఒకదాన్ని మధ్య ముడతలు నిలువుగా ఉండేలా, రెండోదాన్ని అడ్డంగా ఉండేలా గుండ్రంగా వంచి పిన్ను కొట్టించింది. రెండిటి మీదా నిండు తేనెసీసాలు పెట్టించింది. నిలువు ముడతలది స్తంభంలా నిలబడింది. అడ్డం ముడతలది కాసేపు ఓర్చుకుని చతికిలబడింది.

"చూశావా? కాగితం బరువు మోయదు. ముడతలు మోస్తాయి, అవి నిలబడి ఉంటేనే. నువ్వు వాటిని పడుకోబెట్టావు. పడుకున్నవాడు మూట మోస్తాడా?"

"తేనె సీసాలే మోస్తాయిగా లోపల..."

"మూతల మీద బరువు పడితే తేనె కారుతుంది. అందుకేగా తేనె ఆవిడ పెట్టెను సీసాకన్నా ఎత్తుగా చేయమంది."

షీట్లు లేవు. ఫ్యాక్టరీకి మళ్ళీ చెబితే అవి వచ్చేలోగా తేనె ఆవిడ బండి వచ్చి, వేరే దారి చూసుకుంటుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో పాత ఇనుము ఆయన ప్రత్యక్షమయ్యాడు.

"ఏమ్మా, ఏమైనా ఆలోచించారా?"

"రేపు చెబుతాను, రా," అంది వదిన, ఆయన వైపు చూడకుండా. తర్వాత తన పాత పెట్టె మీద కూర్చుని గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

అతను నేల మీద చతికిలబడ్డాడు. కుంగిన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని విప్పాడు. తప్పు ఎంతకు అయిందో లెక్క వేసుకోవడం పాత అలవాటు. కొట్టులో ఏదైనా పగిలితే ముందు పెంకులు ఏరి, ఏది పనికొస్తుందో చూసేవాడు. ఈ పెట్టెలో ఏం పనికొస్తుంది? గోడను కత్తిరించి పక్కకు తిప్పితే ముడతలు నిలువవుతాయి. గోడగా పనికిరాదు, వెడల్పు చాలదు. మరి లోపల నిలబెడితే?

గాజు పగిలేది గోడకు తగిలి కాదు, పక్క గాజుకు తగిలి. తేనె ఆవిడ సీసాలకు పాతకాగితం చుట్టి పెడుతుంది. ఆ కాగితం కోసం పెట్టెలో చోటు వదిలారు. ఆ చోటులో కాగితానికి బదులు అడ్డుగోడలు పెడితే సీసాకూ సీసాకూ మధ్య ఒక అట్ట. పెట్టె ఎత్తుకు సరిగ్గా కోస్తే పైబరువు మోసేదీ అదే.

ఒక పెట్టె ముక్కలు చేశాడు. ముక్కలకు సగం దాకా గాళ్ళు, అంటే సన్నటి చీలికలు, కోసి ఒకదానిలో ఒకటి దూర్చాడు. ఒక పెట్టె కోస్తే రెండు పెట్టెలకు అడ్డుగోడలు వచ్చాయి. షీటుకు మూడు తీశానని మురిసిపోయాడా, అందులో ఒకటి పోయి మళ్ళీ షీటుకు రెండే మిగిలాయి. తెలివి ఖరీదు తెలివికే సరిపోయింది. గాళ్ళు కోసిన శ్రమ ఊరికే.

"వదినా."

ఆవిడ కళ్ళు తెరిచి, లోపలికి తొంగి చూసి, వాచిన వేళ్ళతో అడ్డుగోడను నొక్కింది. "ఎక్కువున్నవన్నీ ఇలాగే కొయ్యి," అంది. "ఆవిడకి మాత్రం చెప్పాలి. నువ్వే చెప్పాలి."

మర్నాడు తేనె ఆవిడ వచ్చేసరికి అతని చేతులు కత్తెర పట్టుకున్న ఆకారంలోనే బిగుసుకుపోయి ఉన్నాయి. ఆవిడ భారీ మనిషి, మాట గట్టిది. అతను మాట చుట్టూ తిప్పలేదు. "గోడలు తప్పు దిక్కున కోశానండీ. వాటంతట అవి బరువు మోయవు. లోపల ఇవి మోస్తాయి. నమ్మకం లేకపోతే తీసుకోకండి."

"నాకు దిక్కులు తెలియవు నాయనా. సీసా పగలకూడదు, మూత కారకూడదు. కూర్చోవడానికేమైనా ఉందా? బండి దిగినప్పట్నుంచీ నిలబడే ఉన్నాను."

అడ్డుగోడలు పెట్టిన కొత్త పెట్టెను చూపించింది వదిన. తేనె ఆవిడ దాని మీద కూర్చుంది, మనిషంతా కూర్చుంది. టీ ఇచ్చారు. ఊదుకుంటూ, దారిలో రోడ్డు గుంతల్ని తిట్టుకుంటూ తాగింది. గుమ్మంలో ఇనుము ఆయన కూడా వచ్చి నిలబడి, తనకేమీ సంబంధం లేనట్టు పెట్టె మూలనే చూస్తున్నాడు. గ్లాసు ఖాళీ అయింది. అతను ఊపిరి వదలబోయాడు.

"ఇంకో సగం పోయండి," అంది ఆవిడ.

ఆ సగం కూడా అయింది. మూల వంగలేదు. ఆవిడ లేచి, పెట్టెలన్నీ బండికెక్కించుకుని వెళ్ళింది.

"అయితే ఇవ్వరన్నమాట," అన్నాడు ఇనుము ఆయన.

"బండి తిరిగొచ్చేదాకా ఏమీ చెప్పలేను," అంది వదిన. "పెట్టెలతో వచ్చిందా, నీకే."

ఆ ఎదురుచూసిన రోజుల్లో అతను షెడ్డు ఊడ్చాడు, మిషన్లకు నూనె పెట్టాడు, పని లేకుండా నిలబడి అలిసిపోయాడు. పని ఉండి అలిసిపోవడమే నయమనిపించింది. రోడ్డు మీద ఏ బండి ఆగినా గుమ్మంలోకి వచ్చి చూసేవాడు.

బండి ఖాళీగా వచ్చింది. ఆవిడ దిగుతూనే మొదలుపెట్టింది. "ఒక్కటీ పగల్లేదు. ఈసారి దీనికి రెట్టింపు కావాలి. గోడలు తిన్నగా కోయించండి. లోపల ఆ అడ్డాలు కూడా ఉండాలి, అలవాటైపోయింది."

"అడ్డాలకు వేరే పడుతుందండీ. అట్ట, కోత, శ్రమ..."

"అదేంటి? మొన్న ఊరికే ఇచ్చారుగా! ఇప్పుడు కొత్తగా ధరేంటి?"

ఎంత బేరమాడినా ఆవిడ సగానికి పైన కదల్లేదు. ఆవిడ వెళ్ళాక వదిన చాలాకాలం తర్వాత నవ్వింది. "ఏం షావుకారూ, ఎవరో నిన్ను మించినవాళ్ళు దొరికారే."

ఇనుము ఆయన మళ్ళీ వస్తే, మూలనున్న విరిగిన ఫ్యాను ఇచ్చి పంపేసింది.

కొత్త షీట్లు వచ్చాయి. షీటుకు రెండు కోశాడు. పక్కన మిగిలిన ముక్కలు పారేయలేదు, అడ్డుగోడలకు తీశాడు. లాటులోంచి ఒక పెట్టె తీసి నిలబెట్టాడు. టీ గ్లాసు అతని చేతిలో పెట్టింది వదినే.

లెక్క చూసుకుంటే వచ్చింది ఇది. అడ్డుగోడలకు సగం ధర. పూర్తిగా నయం కాని భుజం. మడత గీత వేసేటప్పుడు అట్ట ఎప్పుడు నలిగిందో తెలిసే వేళ్ళు. తూకానికి పోని ఒక షెడ్డు, అందులో సగం. కొట్టు తాళంచెవి ఎక్కడ పెట్టాడో గుర్తులేదు. పోయినవాటి పద్దులో రాయాల్సింది చాలా ఉంది గానీ, ఇప్పుడు ఓపిక లేదు.

పెట్టె మీద కూర్చున్నాడు. టీ అయిపోయింది. పెట్టె నిలబడింది. అయినా కాసేపు లేవలేదు.