మూడోసారి చన్నీళ్ళు

బల్లగుడ్డల ఇస్త్రీ సగంలో ఉండగా ఎతెల్వినా తలెత్తి చూసింది. వంటగది తలుపు సందులోంచి ఆమె భర్త నెల్ కనిపించాడు. చెక్క గరిటె మీద మెల్లిగా ఊది, హిమేనా నోటికి అందిస్తున్నాడు. ఊది మరీ! ముద్దు పెట్టుకున్నా ఇంత మండేది కాదు.

హిమేనా ఈ వసంతంలోనే వంటల కాలేజీ నుంచి పనిలోకి వచ్చింది. మాద్రిద్‌లో ఈ రెస్టారెంట్ తెరిచి మాత్రం ఇరవయ్యారేళ్ళు. అన్నాళ్ళూ తన పుట్టింటి వైపు, అస్తూరియాస్‌లో వండే తెల్ల చిక్కుడు గింజల కూర రుచి చూడ్డానికి ఆ గరిటె ఎతెల్వినా దగ్గరికే వచ్చేది, ఆమె ఏ మూల ఏ పనిలో ఉన్నా. "ఊఁ?" అనేవాడు. "ఉప్పు" అనో "చాలు" అనో అనేది. వాళ్ళ కాపురంలో అంతకు మించిన సరసం ఎప్పుడో పోయింది. ఇప్పుడు అదీ పోయింది.

ఇంతకీ ఆ కూర నేర్పిందెవరు? బొగ్గుగనుల ఊళ్ళో అమ్మమ్మ తనకి, తను ఇతనికి. హాల్లో పెద్దమనుషులు అడిగితే మాత్రం "మా అమ్మ చేతి వంటండీ" అంటాడు. ఆ మహాతల్లి గింజలు ఉడికించిన పాపాన పోలేదు. పెళ్ళయిన కొత్తలో "కోడలు ఇస్త్రీ బాగా చేస్తుందే" అని ఒక్క మాట అంది. ఆ మెచ్చుకోలు పట్టుకునే తనను ఈ ఇస్త్రీ గదిలో నిలబెట్టారు. చచ్చిపోయిన మనిషి మీద అసూయేమిటని ఇన్నాళ్ళూ సర్దుకుంది. ఈ పిల్ల బతికే ఉందిగా.

ఇస్త్రీపెట్టెలో నీళ్ళు అయిపోయాయి. చెంబుతో పట్టుకొస్తూ పొయ్యి పక్కన ఆగింది. కుండ చప్పుడు మారింది. సన్నగా గొణుగుతూ ఉండాల్సింది దబదబా కొట్టుకుంటోంది. ఇలాంటప్పుడే చన్నీళ్ళు పోసి గింజల్ని బెదిరించాలి, లేకపోతే తోలు చిట్లి పిండైపోతాయి. రెండుసార్లు బెదిరించడం ఇక్కడ అందరికీ తెలుసు. మూడోసారి, ఇదిగో ఇలా నీళ్ళకి వచ్చి వెళ్తూ, తనే ఓ గుక్కెడు పోసేది. ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు.

చెంబు వంచబోయింది.

"ఇవాళ బాగా కుదిరింది కదండీ?" అంది హిమేనా. ఆ పిల్ల పెదవి అంచున ఇంకా పులుసు మెరుస్తోంది.

ఎతెల్వినా వెనక్కి వచ్చి, చెంబులో నీళ్ళన్నీ బల్లగుడ్డ మీద చిలకరించేసింది.

పావుగంటకి నెల్ గరిటెతో పరిగెత్తుకొచ్చాడు. ఊదడం మర్చిపోయాడు.

"చూడు ఎతెల్, అన్నీ చిట్లిపోయాయి! ఆ పిల్ల ఏం తగలేసిందో..."

"పిల్లనేం అనకు. మూడోసారి చన్నీళ్ళు పడలేదు."

"మూడోసారేంటి? మనం పోసేది రెండుసార్లేగా?"

"నువ్వు రెండుసార్లు. మూడోది ఇరవయ్యారేళ్ళుగా నేను."

ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, ఇంకా వెచ్చగా ఉన్న బల్లగుడ్డ మడిచి భుజాన వేసుకుంది.

"రేపు మూడుసార్లూ నేనే పోస్తాను. మధ్యాహ్నం కిటికీ పక్క బల్ల నాకు ఉంచు. ఈ గుడ్డ పరుచుకుని, కడుపునిండా తిని, 'ఈ వంట ఎవరిదండీ' అని హాలంతా వినేలా నిన్ను అడుగుతాను. ఏం చెబుతావో ఆలోచించుకో."