తాంబూలాలకు ముందు ఒక ఫైనల్

వాడి కబీర్ పేటలోని ఆ నాలుగంతస్తుల బిల్డింగ్‌లో ఎవరికి పందెం బుద్ధి పుట్టినా రెండో అంతస్తులో రమణి తలుపే తట్టేవారు. డబ్బు పందేలు కావు. ఆ గల్ఫ్ దేశంలో అది కుదరదు, కుదిరినా రమణి ఒప్పుకోదు. ఓడినవాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం గెలిచినవాళ్ళకు వండిపెట్టాలి, అంతే. క్రికెట్ మ్యాచ్‌కి బిర్యానీ, ఊళ్ళో ఎన్నికల ఫలితానికి గుత్తి వంకాయ, స్కూలు బస్సు ఆలస్యానికి మిరపకాయ బజ్జీలు. ఎవరు దేనిమీద కాశారో అంతా ఆమె బుర్రలోనే ఉండేది. ఆమె చెప్పిందే తీర్పు.

అలాంటి రమణి ఒక్కదానికి మాత్రం ససేమిరా అనేది. బల్ల మీద కర్రతో బంతులు కొట్టే పూల్ ఆట మీద పందెం పట్టదు.

"ఇంట్ల పూల్ ఆడే మొగన్ని పెట్టుకొని గదేందమ్మా?" అంది మూడో అంతస్తు శాంతవ్వ. వాళ్ళది జగిత్యాల వైపు. ఆమె భర్త సైట్‌లో ఫోర్‌మన్.

"ఇంట్లో ఉండాడు కాబట్టే వద్దంటాండా," అంది రమణి.

రమణి భర్త రఘుపతి పగలు ఏసీలు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేస్తాడు. సాయంత్రమైతే పక్కనే రువిలో ఖమరుద్దీన్ నడిపే పూల్ హాల్లో ఉంటాడు. బహుమతి డబ్బున్న టోర్నమెంట్లు ఆడతాడు కాబట్టి అతన్ని ప్రొఫెషనల్ అనాలి. ఆ బహుమతితో, ఆడటానికి సరిహద్దు ఊరు బురైమి దాకా వెళ్ళొచ్చే కారు పెట్రోలు గిట్టుబాటైతే గొప్ప.

"క్రికెట్‌లో ఒకడు కావాలని చెడగొట్టినా ఇంకా పదిమంది ఉంటారు," అని వివరించింది రమణి, పప్పులో తాలింపు వేస్తూ. "పూల్‌లో ఒకడే మనిషి, ఒకటే కర్ర. బంతి వెంట్రుకవాసి పక్కకి పోయిందనుకో, చెయ్యి జారిందో, వాడే జార్చినాడో అంపైరుకి తెలీదు, కెమెరాకీ తెలీదు. పైగా ఆడేటోళ్ళంతా ఒకరికొకరు కావాల్సినోళ్ళే. ఒకే కారులో పోతారు, ఒకే రూంలో పడుకుంటారు. బహుమతి చూస్తే గోరంత. దానికోసం పట్టుబట్టి గెలవాలని ఎవురికుంటాది? పై దేశాల్లో వానొస్తాదా రాదా అని కూడా పందేలు పట్టే కంపెనీలు పూల్ అంటే చానా మటుకు జంకుతాయంట. వాళ్ళకి లేని ధైర్యం నాకెందుకు?"

శాంతవ్వ అప్పటికి ఊరుకుంది కానీ, ఆ ఏడాది టోర్నమెంటు ఫైనల్ దగ్గరికి వచ్చేసరికి బిల్డింగ్ మొత్తం రమణి గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. కారణం ఉంది.

రఘుపతికి యాభై నాలుగేళ్ళు వచ్చాయి, ఇంతవరకూ ఒక్క ఫైనల్ కూడా ఆడలేదు. ఎప్పుడూ సెమీఫైనల్లోనే ఇంటిదారి పట్టేవాడు. ఈసారి ఎలాగో గట్టెక్కాడు. రెండో వైపు నుంచి గెలుచుకుంటూ వచ్చినవాడు సంజీవ్. బురైమిలో ఒక ట్రేడింగ్ కంపెనీలో పనిచేసే ఈ కుర్రాడే, సరిగ్గా రెండు వారాల కిందట అమ్మానాన్నలతో కలిసి వచ్చి, రఘుపతి కూతురు నవీనను చూసి, నచ్చిందని చెప్పి వెళ్ళాడు. నవీనకూ నచ్చాడు. ఫైనల్ అయిన మరుసటి శుక్రవారమే తాంబూలాలు.

"కాబోయే మామను ఓడగొట్టే అల్లుడుంటడా ఎక్కడన్న? మీ ఆయనే గెలుస్తడు," అంది శాంతవ్వ.

"పిల్లనిచ్చేవాడు మగపెళ్ళివారిని ఓడిస్తాడా? పిల్లోడిదే కప్పు," అన్నారు కింది అంతస్తువాళ్ళు.

"చూస్తిరా!" అంది రమణి. "ఇద్దరికీ ఓడిపోవాల్సిన పనే ఉంది. గెలవాలనుకునేటోడు ఒకడన్నా ఉంటే కదా పందెం. పోండి పోండి, ఇండ్లకి పోండి."

వాళ్ళను నవ్వుతూ పంపించింది కానీ తలుపు వేసుకున్నాక ఆమెకు నవ్వు రాలేదు. కప్పు ఎవరికి వచ్చినా ఆమెకు బెంగ లేదు. ఇన్నేళ్ళకు దొరికిన ఒక్క ఫైనల్‌నీ ఆయన కూతురి కోసం కావాలని వదిలేస్తాడేమో అన్నదే ఆమె భయం. ఆయన మనసుపెట్టి ఆడితే చాలు, ఓడినా ఫరవాలేదు.

ఫైనల్ రోజు, శుక్రవారం పొద్దున, చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగేసింది. "నిజంగా ఆడతావా, లేకుంటే మర్యాద చేస్తావా?"

రఘుపతి కర్రను గుడ్డతో తుడుస్తూ, "పిల్లోడు మంచోడు రమణీ," అన్నాడు. ఆమె అడిగినదానికి అది జవాబు కాదు.

మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆట మొదలైంది. ఖమరుద్దీన్ హాల్లో మిగతా టేబుళ్ళకు దుప్పట్లు కప్పి, మధ్య టేబుల్ చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. ఆట సులువైనదే. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్న బంతులు. అంకె లేని తెల్ల బంతితో వరసలో చిన్న అంకెనే ముందు కొట్టాలి. తొమ్మిదో బంతిని పాకెట్‌లో వేసినవాడిదే ఆ గేమ్. ముందుగా ఏడు గేములు గెలిచినవాడికి కప్పు.

గంట గడిచినా చెరి రెండు గేముల దగ్గరే ఉన్నారు. తొమ్మిదో బంతి పాకెట్ అంచున, ఊదితే పడేలా ఉంటే, సంజీవ్ దాన్ని తాకకుండా తెల్ల బంతిని పక్కనుంచి పంపించాడు.

"సారీ మామయ్యా, కర్ర కొనకు చాక్ సరిగ్గా పట్టలేదు."

"ఫర్వాలేదు నాయనా. నాకూ ఈ పొద్దు కన్ను మసగ్గా ఉంది," అంటూ రఘుపతి తెల్ల బంతినే తీసుకెళ్ళి పాకెట్‌లో వేశాడు. అది తప్పు. ఆట మళ్ళీ సంజీవ్ చేతికే వచ్చింది. సంజీవ్ ఎంతో శ్రద్ధగా గురిచూసి, ఎంతో శ్రద్ధగా తప్పించాడు.

"ఏందన్నా ఇది? బంతులకి పాకెట్లంటే భయం పట్టుకున్యాదా?" అన్నాడు ఖమరుద్దీన్. జనం గొల్లుమన్నారు. శాంతవ్వ ఆవలించింది.

రమణి ఒక్కతే నవ్వలేదు. ఖమరుద్దీన్ టీ కోసం ఆట ఆపగానే లేచి నేరుగా టేబుల్ దగ్గరికి వెళ్ళింది.

"అబ్బీ సంజీవ్, ఇట్లా రా. ఈయన నీకు ఏమవుతాడు?"

"మామయ్య," అన్నాడు సంజీవ్, బెదురుగా.

"కాదు. తాంబూలాలు పుచ్చుకున్నామా? లేదే. పుచ్చుకునేది వచ్చే శుక్రవారం. అంతదాకా నువ్వు మాకు అల్లుడివి కావు, మేం నీకు ఏమీ కాము."

"అయ్యో, గవేం మాటలమ్మా!" అని శాంతవ్వ కుర్చీలోంచి లేచింది.

"నువ్వు కూర్చో శాంతవ్వా." రమణి భర్త వైపు తిరిగింది. "నిన్ను పెండ్లి చేసుకున్నప్పటి నుంచి ఒక ఫైనల్ చూద్దామని కాచుకోనుంటే, ఈ నాటకమా నాకు చూపించేది?"

"మగపెళ్ళివాళ్ళు కదా..." అని నసిగాడు రఘుపతి.

"యాడుండారు మగపెళ్ళివాళ్ళు? బురైమి నుంచి వచ్చిన ఆటగాడు ఒకడు, వాడి కబీర్ ఆటగాడు ఒకడు. ఇద్దరే ఉండారు ఇక్కడ."

అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న నవీన కూడా నోరు విప్పింది. "నా పేరు చెప్పి ఎవరూ ఓడిపోవద్దు. సంజీవ్, నువ్విప్పుడు ఆడినట్టే రేపు నాతోనూ మర్యాదకి అబద్ధాలాడతావేమోనని నాకు భయంగా ఉంది."

సంజీవ్ చెవులు ఎర్రబడ్డాయి. టీ గ్లాసు కింద పెట్టి, చాక్ తీసుకుని కర్ర కొనకు గట్టిగా రుద్దాడు.

"రఘుపతి గారూ, ఈ గేమ్ వద్దు, బంతులు కొత్తగా పేర్చండి," అన్నాడు.

తర్వాత జరిగిందే ఆట. సంజీవ్ వరసగా మూడు గేములు ఊడ్చేశాడు, ఎదటి మనిషిని కుర్చీలోంచి లేవనివ్వలేదు. రఘుపతి చొక్కా చేతులు మడిచి, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో బంతినీ ఓపిగ్గా ఏరుకుంటూ వెనకనుంచి అందుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. స్కోరు ఆరూ ఆరూ అయ్యేసరికి ఇందాక ఆవలించిన శాంతవ్వ కుర్చీ ఎక్కి నిలబడింది.

చివరి గేములో తొమ్మిదో బంతి సంజీవ్‌కి దొరికింది. కష్టమైనదీ కాదు, మరీ తేలికా కాదు. కొట్టాడు. బంతి పాకెట్ నోట్లో అటూ ఇటూ ఊగి, పడకుండా అక్కడే నిలిచింది. రఘుపతి వచ్చి దాన్ని మెల్లగా లోపలికి తోశాడు.

హాలు అదిరిపోయింది. ఖమరుద్దీన్ రఘుపతిని ఎత్తుకున్నాడు. రఘుపతి కర్రను పట్టుకుని, ఏం చేయాలో తెలియనివాడిలా నవ్వుతున్నాడు. రమణి కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలోనే ఆమెకు అనుమానం వచ్చింది. ఆ చివరి బంతి సంగతేంటి? పిల్లవాడు నిజంగానే గురి తప్పాడా? వెంట్రుకవాసే కదా. ఎవరిని అడగాలి?

ఆ ప్రశ్న కారులో ఇంటిదాకా ఆమెతోనే వచ్చింది.

ఇంట్లో పండగలా ఉంది. చాపల మీద అందరినీ కూర్చోబెట్టి రమణి వడ్డించింది. అందరూ కలిసి రఘుపతి కొట్టిన దెబ్బలను ఒక్కొక్కటిగా మళ్ళీ చెప్పుకుంటున్నారు. సంజీవ్ ఒక మూలన కంచం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పప్పన్నం అలాగే ఉంది. నవీన మంచినీళ్ళు ఇస్తే, "అక్కర్లేదు," అన్నాడు, మొహం కూడా ఎత్తకుండా. వేలితో చాప మీద గీతలు గీస్తూ, "ఇక్కడ తగిలించాల్సింది. ఇక్కడ. గట్టిగా కొట్టాను. ఛ," అని తనలో తాను గొణుక్కుంటున్నాడు.

నవీన వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, ఇతనేంటి ఇలా ముడుచుకుపోయాడు? నాతో మాట్లాడట్లేదు."

రమణి గుమ్మంలోంచి తొంగి చూసింది. కావాలని ఓడిపోయినవాడు అందరికంటే ముందు నవ్వుతాడు, మర్యాదగా రెండోసారి అన్నం పెట్టించుకుంటాడు. వీడికి ముద్ద దిగడం లేదు. ఆమె గుండె మీది బరువంతా దిగిపోయింది. నెయ్యి గిన్నె తీసుకెళ్ళి, అతను వద్దంటున్నా రెండు గరిటెలు వేసింది.

"ఎన్నాళ్ళుంటాడమ్మా ఇలా?" అంది వెనకనుంచి నవీన.

"మీ నాయనైతే మూడు రోజులు. అలవాటైతాది," అంది రమణి, ఉత్సాహంగా.

ఇంతలో సంజీవ్ తలెత్తాడు. "రఘుపతి గారూ, తాంబూలాలు శుక్రవారం కదా. గురువారం మీకు డ్యూటీ ఉందా? మళ్ళీ బంతులు పేర్చుదాం."

రఘుపతి నోట్లో ముద్ద మింగి, చొక్కా చేయి పైకి లాక్కున్నాడు.

"ఉంది. లీవు పెడతా," అన్నాడు.

అప్పుడు గాని సంజీవ్ అన్నంలో చెయ్యి పెట్టలేదు.