తడి దిండు

"మళ్ళీ తడే! ఛీ, ఇది మంచమా, చెరువా?"

ఇస్త్రీ అక్క దిండు తీసి గోడకేసి కొట్టింది. అప్పుడప్పుడే కళ్ళు మూతలు పడుతున్న గదిలోని ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కదిలారు. రాత్రంతా నిలబడి పని చేసి, కిక్కిరిసిన బండిలో ఊపిరాడకుండా గంటన్నర ప్రయాణం చేసి వచ్చిన మనిషికి, పడుకోబోయే చోట తడి తగిలితే ఒళ్ళు మండదా? దిండే కాదు, పరుపు కూడా నడుం దగ్గర్నుంచి పైదాకా చెమ్మగా ఉంది.

"మెల్లిగా అరువు తల్లీ," అంది పక్కమంచం ఆమె ముసుగు తియ్యకుండానే. "నీ నిద్ర పోయిందని మా నిద్రలు కూడా పీకి పెడతావా?"

"నీకేం, నీ మంచం పొడిగా ఉంది. నాకు దొరికిన జత మహారాణి కదా! రోజూ రాత్రి తలంటుకుని, ఆ తడి జుట్టుతోనే పవళిస్తోంది. పొద్దున్నే చక్కగా జడేసుకుని తను పోతుంది. వెనకాల నేనొచ్చి ఆ తడిలో చావాలి. పది రోజులైంది ఈ భాగోతం!"

ఈ గది సంగతి కొంచెం చెప్పాలి. మహానగరంలో బయల్దేరిన బండి, ఇక ముందుకు పోవడానికి పట్టాలు లేక ఆగిపోయే ఆఖరి స్టేషను పక్కన ఒక మేడ ఉంది. దాని పై అంతస్తులో ఒక గది, అందులో ఎనిమిది మంచాలు, పదహారు మంది మనుషులు. పగటి పనివాళ్ళు రాత్రి పడుకుంటారు, రాత్రి పనివాళ్ళు పగలు పడుకుంటారు. మంచం ఒకటే, పరుపు ఒకటే, దిండు ఒకటే. అద్దెలు మాత్రం రెండు. ఒకే మంచాన్ని పంచుకున్న ఇద్దర్నీ ఇక్కడ జత అంటారు.

నగరంలో మంచం అద్దెకు దొరకదా అంటే, ఎందుకు దొరకదు, శుభ్రంగా దొరుకుతుంది. జీతమంతా దానికి పోసి, గాలి భోంచేసి బతకగలిగినవాళ్ళకు. ఇక్కడైతే జీతంలో నాలుగో వంతు మంచానికి, పదో వంతు బండి పాసుకు పోయినా తిండికీ, ఇంటికి పంపడానికీ కాస్త మిగులుతుంది. చొక్కాలు కుట్టేవాళ్ళూ, పక్కలు పరిచేవాళ్ళూ, అంట్లు తోమేవాళ్ళూ ఒక్క పూట మానేస్తే ఆ నగరం కాళ్ళూ చేతులూ పడిపోతాయి. వాళ్ళు నడుం వాల్చడానికి మాత్రం అంత నగరంలో జానెడు చోటు కరువు. ఇదేం న్యాయమని ఎవర్నడగాలి? ఆ బండిలో వచ్చేపోయే జనానికి అడిగే తీరిక లేదు, తీరిక ఉన్నవాళ్ళు ఆ బండి ఎక్కరు.

మేడ యజమానురాలిని అందరూ పిన్నిగారంటారు. వరసకు పిన్ని కాదు, అద్దెకు పిన్ని. ఆవిడ పెట్టిన నియమాలు మూడు. పిల్లల్ని తేకూడదు, గదిలో పొయ్యి వెలిగించకూడదు, జబ్బు పడకూడదు. మొదటి రెండూ ఎక్కడైనా ఉండేవే. మూడోది ఆవిడ సొంత బుర్రలో పుట్టింది.

ఇస్త్రీ అక్క పని ఒక పెద్ద హోటలు లాండ్రీలో. తడి దుప్పట్లను ముడత లేకుండా పట్టుకుని, తిరుగుతున్న వేడి రోలరు కిందికి అందించాలి. కన్ను ఒక్క క్షణం మూతపడినా దుప్పటితో పాటు చెయ్యి కూడా ఇస్త్రీ అవుతుంది. నిన్న రాత్రి అదే జరిగింది. ముంజేతి మీద నాలుగువేళ్ళ వెడల్పున చర్మం ఊడివచ్చింది. సూపర్‌వైజరు వచ్చి చేతి వంక చూడలేదు, మాడిన దుప్పటి వంక చూశాడు. "ఇంకోసారి కునుకు తీశావంటే, ఆ కునుకేదో గేటు అవతల తీద్దువుగాని," అన్నాడు. అంచేత ఆమెకు నిద్ర అంటే సుఖం కాదు, ఉద్యోగం. ఈ తడి మంచం తన నోటి దగ్గర కూడు లాగేస్తోందని ఆమె మండిపాటు.

జతతో మాట్లాడలేదా అంటే, మాట్లాడడానికి ఇద్దరూ ఒక చోట ఉంటే కదా! జత పిల్లది చొక్కాల ఫ్యాక్టరీ. ఎప్పుడూ కాలర్లే కుడుతుంది కాబట్టి కాలరు పిల్ల అయింది. అక్కను దింపిన బండే వెనక్కి తిరిగి పిల్లను ఎక్కించుకు పోతుంది. సాయంత్రం ఆమెను దింపి ఈమెను ఎక్కించుకుంటుంది. ఆ తొక్కిసలాటలో మంచం కింది పెట్టె తాళంచెవి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతుంది. "ఇదిగో అక్కా," "ఇలా తే". ఏడాదిగా ఒకే దిండు మీద తల పెట్టుకుంటున్న ఇద్దరి మధ్యా పరిచయం అంతే. మొన్న సాయంత్రం మాత్రం ఉండబట్టలేక, "జుట్టు ఆరబెట్టుకుని పడుకుంటే నీ సొమ్మేం పోయిందే?" అని అడిగేసింది. ఆ పిల్ల తల దించుకుని "సరే అక్కా," అని గుంపులో కలిసిపోయింది. ఆ మర్నాడు కూడా దిండు తడే. ఆ "సరే" గుర్తొస్తే ఇప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది.

విసవిసా మెట్లు దిగి పిన్నిగారి తలుపు కొట్టింది.

పిన్నిగారు అంతా వింది. విసుక్కోలేదు, కసురుకోలేదు. అద్దె తప్ప వేరే మాట చెవిన పడనివ్వని మనిషి ఆ రోజు కుర్చీ కూడా వేసింది.

"దిండొక్కటేనా, పరుపు కూడా తడుస్తోందా?"

"నడుం దాకా తడే పిన్నిగారూ."

"ఎన్నాళ్ళబట్టి?"

"పది రోజులుంటుంది."

"దగ్గు గట్రా ఏమన్నా ఉందా ఆ పిల్లకి?"

"నాకేం తెలుసు? నేనొచ్చేసరికి తనుండదు కదా. మీరొక మాట గట్టిగా చెప్పండి చాలు."

"చెప్తాలే. నువ్వెళ్ళి పడుకో," అంది ఆవిడ. ఆ మెత్తదనానికి ఇస్త్రీ అక్క పొంగిపోయింది. పరుపు సగానికి మడతపెట్టి, పొడి వైపు ముడుచుకుని, పిల్లకు బాగా బుద్ధి వస్తుందని సంబరపడుతూ నిద్రపోయింది.

మర్నాడు పొద్దున బండి దిగేసరికి ప్లాట్‌ఫారం మీద కాలరు పిల్ల లేదు. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు, బండి వెనక్కి వెళ్ళిపోయింది. తాళంచెవి లేకుండా అక్క మేడకు వచ్చింది. చివాట్లకు మొహం చెల్లక తప్పించుకుందని దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉంది.

పిల్ల మెట్ల మలుపులో కూర్చుని ఉంది. పక్కన బట్టల సంచీ. గోడకు ఆనించిన తల కదలడం లేదు. జడ వేసుకోలేదు. అక్క ముందు ఆ జుట్టు వంకే చూసింది. ఎండిపోయి, చిక్కులు పడి, దాని నిండా ఫ్యాక్టరీ దూది పీచు. ఆ తలకు నీళ్ళు తగిలి ఎన్నాళ్ళయిందో! ఆ జుట్టుతో దిండు తడవడమేమిటి?

"స్టేషనుకి రాలేకపోయాను అక్కా. ఇదిగో," అని తాళంచెవి ఉన్న చెయ్యి చాపింది. అందుకోబోయిన అక్కకు ఆ వేళ్ళు పెనంలా తగిలాయి.

"ఏమైందే నీకు? ఒళ్ళు కాలిపోతోంది!"

"కాలర్ల మీద కాలర్లు కుడుతుంటే బాగానే ఉంటుంది. రాత్రి వస్తుంది జ్వరం. తెల్లారుజామున దిగేటప్పుడు ఒళ్ళంతా చెమట. దిండు తిరగేసి పెట్టేదాన్ని, నువ్వొచ్చేలోపు ఆరుతుందేమోనని. ఆరేది కాదు."

"మరి మొన్న నేనడిగితే చెప్పి చావొచ్చుగా! సరే అని ఎందుకన్నావ్?"

"తలంటుకుంటున్నాననే కదా అనుకున్నావు. పోనీలే, అదే నయమనుకున్నా. జ్వరమంటే ఇక్కడ ఉంచరు కదా."

అక్క పక్క మెట్టు మీద చతికిలబడింది. "నేనే చెప్పానే ఆవిడతో," అంది.

"తెలుసక్కా. తెల్లారకముందే వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. బండి టైముకి ఖాళీ చెయ్యమన్నారు. నీ తప్పేముంది? తడిలో ఎవరు మాత్రం పడుకుంటారు?"

తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు మాటలంటే తను పది అని చేతులు దులుపుకునేది. ఆ పిల్లేమో తప్పు లేదనేసింది.

"ఆస్పత్రికి వెళ్ళలేదా?"

"నగరంలోని పెద్దాస్పత్రిలో పొద్దున పూటే చూస్తారు. పొద్దున ఫ్యాక్టరీ. ఒక్క పూట మానేస్తే వారం హాజరు డబ్బు కోసేస్తారు. ఇప్పుడీ మంచం కూడా పోతే బండికి దగ్గర్లో ఇంకెక్కడా చోటు లేదు. పనీ పోతుంది." అంత చెప్పేసరికి దగ్గు తెర వచ్చి మాట ఆగిపోయింది.

పైనుంచి పిన్నిగారు దిగింది. "ఇంకా ఇక్కడే ఉన్నావా అమ్మాయ్? మర్యాదగా చెప్పాను కదా," అని, ఇస్త్రీ అక్క వైపు తిరిగి మొహం చాటంత చేసుకుంది. "మంచి పని చేశావు చెప్పి. లేకపోతే గది మొత్తానికి అంటించేది. పరుపు తిరగేయించాను. ఉతికిన దుప్పటి వేయించాను. ఈ మంచం కోసం వారం నుంచి ఒకావిడ తిరుగుతోంది, ఇవాళే వస్తుంది. నువ్వు పో, హాయిగా పడుకో."

అక్క పైకి వెళ్ళింది. ఆమెను ఎవరూ తప్పు పట్టనవసరం లేదు. నిలువునా నిద్ర, కాలిన చెయ్యి, పైగా భయం. పది రోజులుగా ఆ చెమటలో దొర్లింది తనే. అంటుకోవలసిందేదో ఈపాటికి అంటుకునే ఉండాలి. కుళాయి దగ్గర చేతులు రెండుసార్లు రుద్ది కడుక్కుంది. తర్వాత వచ్చి మంచం మీద వాలింది.

పొడిగా ఉంది. తెల్లటి దుప్పటి, పొడి దిండు. ఎన్నాళ్ళుగానో ఇలాంటి పక్క కోసమే మొహం వాచింది. కళ్ళు మూసుకుంది. మెట్ల మీద దగ్గు వినిపించింది. పక్కకు తిరిగింది. మళ్ళీ దగ్గు. చెవి మీద చెయ్యి పెట్టుకుంది. దగ్గు ఆగిపోయింది. ఆగిపోయాక మరీ భరించలేకపోయింది. లేచి కూర్చుని, "ఇలాంటి పొడి పక్క ఎవడిక్కావాలి!" అని పైకే అనేసి మెట్లు దిగింది.

పిల్లను చంకల కింద చేతులు వేసి లేపింది. ఒక్కో మెట్టే ఎక్కించి, తెచ్చి ఆ తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టింది.

పిన్నిగారు వెనకాలే పరుగెత్తుకొచ్చి గుమ్మం బయటే ఆగింది. "నీకు మతి పోయిందా? ఇంతకు ముందే కదా ఖాళీ చేయించాను!"

"ఖాళీ చెయ్యదు," అంది ఇస్త్రీ అక్క.

"ఏమిటీ?"

"పగలు నాది. అద్దె కట్టాను. నా పగట్లో ఎవర్ని పడుకోబెట్టుకుంటానో నా ఇష్టం. రాత్రి ఆ పిల్లది, తనూ నెలాఖరు దాకా కట్టింది. సాయంత్రం నేను పనికెళ్ళే బండికే తీసుకెళ్తా. రాత్రికి లాండ్రీలో మూటల పక్కన పడుకోబెట్టి, పొద్దున్నే ఆస్పత్రిలో చూపించి, మళ్ళీ ఇక్కడికే తెస్తా."

"రాత్రికి కొత్త మనిషికి మాటిచ్చాను."

"ఈ మంచం ఎక్కనివ్వను."

పిన్నిగారి గొంతు లేచింది. "అయితే ఇద్దరూ సామాన్లు సర్దుకోండి. ఏమ్మా, మీరంతా పడుకుని వింటున్నారేం? ఆ జబ్బు రేపు మీకు అంటుకోదా?"

పక్కమంచం ఆమె ముసుగు తీసింది. ఆమెకూ భయంగానే ఉంది. చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వెళ్ళగొట్టమని ఎవరూ అనలేదు, ఉంచమనీ అనలేదు. పక్కమంచం ఆమె లేచి వెళ్ళి, శబ్దం వస్తుందని ఎప్పుడూ మూసే ఉంచే రైలు వైపు కిటికీ రెక్కలు రెండూ తెరిచింది. తిరిగి వచ్చి ముసుగు కప్పుకుంది.

"ఇస్త్రీ అక్కా, వద్దు," అంది కాలరు పిల్ల నీరసంగా. "నీ చోటు కూడా పోతుంది. నేను ఎలాగో పోతాలే."

"నోర్మూసుకుని పడుకో. ఎక్కడికి పోతావ్, నీ మొహం!" అని అక్క ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. కూర్చుందే గాని నిద్ర ముంచుకొస్తోంది. రాత్రికి రోలరు ముందు ఎలా నిలబడాలో, మూటల పక్కన జబ్బు మనిషిని సూపర్‌వైజరు చూస్తే ఏమవుతుందో ఆమెకే తెలియదు. అయినా లేవలేదు.

అప్పుడు పిన్నిగారిని దాటుకుని గుమ్మంలోకి ఒకామె వచ్చింది. ఒక చేతిలో చక్రం ఊడిన సూట్‌కేసు, ఇంకో చేతిలో బకెట్టు. ఆయాసపడుతోంది.

"రా అమ్మా, రా," అంటూ పిన్నిగారు గొంతు మార్చింది. "అదిగో, నీ మంచం. కిటికీ పక్కనే. ఒక్క ఐదు నిమిషాల్లో ఖాళీ అయిపోతుంది. నువ్వు కాస్త కిందికి వచ్చి కూర్చో."

కొత్తామె మంచం మీద వణుకుతున్న పిల్లను చూసింది. "ఈ అమ్మాయికేమైంది?"

"ఏం లేదు, కాస్త జ్వరం. వెళ్ళిపోతోంది."

"జ్వరంతో ఎక్కడికి వెళ్తుంది?"

ఇస్త్రీ అక్క వైపు చూసింది కొత్తామె. అక్క ఆ పిల్ల కాలి మీద చెయ్యి వేసింది.

"నేను చేపల ప్యాకింగులో పని చేస్తాను పిన్నిగారూ. రోజంతా ఐసు గదిలో నిలబడాలి. నాకు నెలకోసారైనా జ్వరం వస్తుంది," అంది కొత్తామె. "వస్తే నేనెక్కడికి పోవాలి?"

"అబ్బే, నీకెందుకొస్తుంది! శుభమా అని చేరుతూ ఆ మాటలేమిటి? ముందు అడ్డం లే, నన్ను లోపలికి రానీ. ఈ ఇద్దరి సంగతీ నేను చూసుకుంటా."

కొత్తామె బకెట్టు కింద పెట్టింది. సూట్‌కేసు గుమ్మానికి అడ్డంగా పడుకోబెట్టి, దాని మీద కూర్చుంది. చెమట తుడుచుకుంటూ, చెప్పమన్నట్టు పిన్నిగారి మొహంలోకి చూసింది.

"లే అమ్మాయ్," అంది పిన్నిగారు.

ఆమె లేవలేదు.