పావుగంట ముందు మోగిన సైరన్

నేను ఒక గడియారాన్ని. ముళ్ళు లేవు, ముఖం లేదు. కంప్యూటర్ లోపల, బొత్తామంత బ్యాటరీని నమ్ముకుని బతుకుతున్నాను. నాలోని స్ఫటికం క్షణం ఆగకుండా వణుకుతూనే ఉంటుంది. కుదురుగా ఉండటమంటే ఏమిటో నాకు తెలియదు. తెర మీద మీకు కనిపించేది నేను కాదు, ఇంకో గడియారం. కంప్యూటర్ ఆపగానే ఆ దొరగారు నిద్రపోతారు. లేవగానే నన్నడిగి టైం పెట్టుకుంటారు. తర్వాత ఇంటర్నెట్‌ను అడిగి, తిరిగి నన్నే దిద్దుతారు!

ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, ఒక నెట్ సెంటర్లో కొన్నాళ్ళు అరిగి, చివరికి నంద్యాల పక్కన ఒక చిన్న ఊరి మసీదుకు చేరాను. రంజాన్ నెలలో సాయంత్రం సైరన్ మోగించడం మా పని. అది మోగితేనే ఊరు ఒక్కపొద్దు, అంటే రోజా ఉపవాసం, విడుస్తుంది. చేతుల్లో ఫోన్లున్నా ఎవరూ టైం చూసుకోరు. మమ్మల్ని చూసుకునేవాడు దస్తగిరి.

ఆ రోజు అతని కూతురు ఆసిఫాకు మొట్టమొదటి ఒక్కపొద్దు. మెడలో పూలదండ వేసి, మసీదు ముందున్న వాళ్ళింటి అరుగు మీద కూర్చోబెట్టారు. చుట్టాలు ఒక్కొక్కరే చేరుతున్నారు. ఇంతలో కరెంటు పోయింది. నా బ్యాటరీ కూడా అప్పుడే చచ్చింది. కరెంటు వచ్చేసరికి నాకు తేదీ లేదు, టైం లేదు. నెట్ రాలేదు. ఫోనేమో చుట్టాలను పిలవడానికి భార్య తీసుకుంది. దస్తగిరి తేదీ కొట్టి, తన చేతి గడియారం చూసి టైం పెట్టేశాడు. అయ్యో రామచంద్రా! ఎక్కడికీ ఆలస్యం కాకూడదని ఆ గడియారాన్ని తానే పావుగంట ముందుకు తిప్పుకున్నాడట. తనను తాను మోసం చేసుకుని, ఆ సంగతే మరిచిపోవడం మనుషులకే చెల్లింది.

సైరన్ మోగింది. ఆసిఫా ఖర్జూరం మింగేసింది. అందరూ తిన్నారు.

"ఏందిది, పొద్దింకా మునగలేదే!" అని ఎవరో అరిచారు.

"నాయనా, నా ఒక్కపొద్దు పాయనా?" అని పిల్ల బావురుమంది. దస్తగిరి తల ఎత్తలేకపోయాడు. నాకు ప్రాణం చచ్చినంత పనయింది.

నమాజు చదివించే హజరత్ వచ్చి, "చిన్నబిడ్డవు, నీకేం తప్పులేదమ్మా. పెద్దోళ్ళమే పండగైనాక ఇంకో పొద్దు ఉండాల" అని సముదాయించారు. ఆ పిల్ల వింటేగా! రేపు మళ్ళీ ఉంటానని మొండికేసింది.

మర్నాడు నాకు కొత్త బ్యాటరీ వేశారు. నెట్ వచ్చి మా ఇద్దరినీ దిద్దింది. అయినా సాయంత్రమయ్యేకొద్దీ నాకు ఒకటే గుబులు.

సైరన్ సరైన టైముకే మోగింది. అరుగు మీద ఒక్కరూ నోట్లో ఏమీ పెట్టలేదు. అందరూ దస్తగిరి వైపు చూశారు. ఎండిన పెదాలతో ఉన్న ఆసిఫా తన ఖర్జూరం తీసి తండ్రి నోటి దగ్గర పెట్టింది.

"ముందు నువ్వు తిను నాయనా. పోతే నీదే పోనీ."

దస్తగిరి నోరు తెరిచాడు.